వాక్యంలో కర్త ఎవరు?



ఇంట్లో చదువుకునే పిల్లలున్నవాళ్లకు ఇంగ్లీషు గ్రామరు బెడద తెలియంది కాదు. "ఈ వాక్యంలో సబ్జెక్టు ఏది? ఇది ఏ రకం వాక్యం?" అని పిల్లలు అడగటం, "మీ నాన్నగారు వచ్చాక అడుగు" అని తల్లి తప్పించుకోవటం చాలా ఇళ్లలో జరిగేదే. ఇంగ్లీషు వ్యాకరణం మగవాళ్ల వ్యవహారమనీ, మనకు అందని ద్రాక్షపండనీ మనలో కొందరికి ఒక భయం వుండిపోయింది.

నిజానికి ఆ వ్యాకరణం పుట్టు పూర్వోత్తరాలు తెలుసుకుంటే ఆ భయానికి చోటు లేదు. ఇంగ్లీషు వ్యాకరణం బడిపిల్లలకు అర్థమయ్యేట్టు రాసినవాళ్లలో ముందు వరసలో ఒక స్త్రీ వుంది. లోకమంతా చదివిన మరొక వ్యాకరణం ఆడపిల్లల బడి కోసమే పుట్టింది. ఆ వ్యాకరణంలోని ఒక చిన్న సూత్రాన్ని పట్టుకుని ఆడవాళ్లు కోర్టుకెక్కారు, ఓడిపోయారు, మళ్లీ ఎక్కి గెలిచారు. "సబ్జెక్టు ఏది?" అనే బడిపిల్లల ప్రశ్న వెనక ఇంత కథ వుంది.

ముందు ఆ సబ్జెక్టు, అంటే కర్త సంగతి చూద్దాం. తెలుగులో మనం "వచ్చాను" అంటాం. వచ్చినదెవరో వేరే చెప్పనక్కరలేదు. చివరనున్న "ను"లోనే "నేను" దాగివుంది. "వచ్చావు" అంటే నువ్వు. "వచ్చాం" అంటే మేమో, మనమో. ఇంగ్లీషులో వుత్తి "కేమ్" అని ఊరుకుంటే ఎవరొచ్చారో దేవుడికే తెలియాలి. నేనొచ్చినా కేమే, నువ్వొచ్చినా కేమే, పెళ్లివారంతా తరలివచ్చినా కేమే. అందుకని "ఐ కేమ్", "షి కేమ్", "దే కేమ్" అని కర్తను ముందు నిలబెట్టక తప్పదు. కర్త కనబడకపోతే ఒకదాన్ని కల్పించుకుంటారు కూడా. వాన పడుతుంటే "ఇట్ ఈజ్ రైనింగ్" అంటారు. ఆ "ఇట్" ఏమిటి, ఆకాశమా, మేఘమా అని అడిగితే జవాబు లేదు. పీట ఖాళీగా వుండకూడదని కూర్చోబెట్టిన మాట అది.

ఇంగ్లీషు మొదటినుంచీ ఇలా లేదు. వెయ్యేళ్ల కిందట అది కూడా మన భాషలాగే పదాల చివర ప్రత్యయాలు పెట్టుకున్న భాష. మనం "రాముడు పామును చంపాడు" అన్నా, "పామును రాముడు చంపాడు" అన్నా చచ్చింది పామే. "ను" అనే ఒక్క అక్షరం రాముణ్ణి కాపాడుతోంది. పాత ఇంగ్లీషులోనూ ఇటువంటి గుర్తులు వుండేవి. తరవాత సముద్రం దాటివచ్చిన వైకింగులు ఆ దేశంలో స్థిరపడ్డారు. వాళ్ల భాషకూ ఇంగ్లీషుకూ దగ్గర చుట్టరికమే గాని పదాల చివర గుర్తులు వేరు. ఇరుగుపొరుగులుగా బతికేవాళ్లు మాట మధ్యభాగం పట్టుకుని చివర నమిలేయటం మొదలుపెట్టారు. 1066లో ఫ్రెంచి మాట్లాడే నార్మన్లు దేశాన్ని జయించారు. రాజుగారి కొలువులో ఫ్రెంచి, చర్చిలో లాటిన్ పెత్తనం చేస్తుంటే ఇంగ్లీషు ఇళ్లలోనూ, పొలాల్లోనూ మిగిలింది. దిద్దేవాళ్లు లేక ప్రత్యయాలు ఇంకా తొందరగా అరిగిపోయాయి.

ప్రత్యయాలు పోయాక మిగిలింది వరస ఒక్కటే. ముందు కర్త, తరవాత క్రియ, ఆ తరవాత కర్మ. "రామా కిల్డ్ ద స్నేక్" అన్న వాక్యంలో రెండు పేర్లనూ అటుదిటు మారిస్తే రాముడు చచ్చిపోతాడు. ఇంగ్లీషులో మాటల వరస మీద అంత పట్టుదల ఎందుకో ఇప్పుడు తెలిసింది గదా. వాళ్ల మాటలు వాటి చోటు వల్లనే అర్థమవుతాయి.

వాక్యాల రకాలు కూడా ఈ చోటును బట్టే తెలుస్తాయి. సంగతి చెప్పే వాక్యం, ప్రశ్న, ఆజ్ఞ, ఆశ్చర్యం అని నాలుగు రకాలు పిల్లల పుస్తకాల్లో వుంటాయి. సంగతి చెప్పే వాక్యంలో కర్త ముందుంటుంది. "షి ఈజ్ ఎ డాక్టర్" అన్నమాట. ప్రశ్న వెయ్యాలంటే మనకు ఒక దీర్ఘం చాలు. "వచ్చింది" అన్నదాన్ని "వచ్చిందా?" అంటే సరి. ఇంగ్లీషువాళ్లు కర్తను జరిపి క్రియను ముందుకు తెస్తారు. "ఈజ్ షి ఎ డాక్టర్?" అంటారు. ఒకప్పుడు "వచ్చాడా?" అనటానికి కూడా "కేమ్ హి?" అనేవారు. 16వ శతాబ్దంలో "డూ", "డిడ్" అనే సాయం మాటలు బాగా వాడుకలోకి వచ్చి "డిడ్ హి కమ్?" అనటం స్థిరపడింది. మన పిల్లలు "డిడ్ హి కేమ్?" అని రాసి సున్నా తెచ్చుకునే చోటు ఇదే. జరిగిపోయిన కాలాన్ని "డిడ్" మోస్తోంది గనక "కమ్" దాన్ని మళ్లీ మొయ్యనక్కరలేదు. ఒక బిందె నీళ్లకు ఇద్దరు మోతగాళ్లెందుకు అని చెప్పండి, పిల్లలు మరిచిపోరు.

ఆజ్ఞలో కర్త కనబడదు. "కమ్ హియర్" అంటే రావలసింది ఎదుటివాడు. "యూ" అనే కర్త లోపల వుందని గ్రహించాలి. ఆ "యూ"కూ ఒక కథ వుంది. మనకు "నువ్వు", "మీరు" వున్నట్టే వాళ్లకూ "దౌ", "యూ" అని రెండు మాటలుండేవి. దొరలకూ పెద్దలకూ "యూ", పిల్లలకూ నౌకర్లకూ "దౌ". పోనుపోను అందర్నీ మర్యాదగా పిలవటమే క్షేమమనుకున్నారో ఏమో, "దౌ" అన్నది మామూలు సంభాషణలోంచి జారిపోయింది. 17వ శతాబ్దంలో క్వేకర్లనే క్రైస్తవ శాఖవారు మాత్రం పట్టుబట్టి, రాజైనా కూలివాడైనా మాకు ఒకటేనని అందర్నీ "దౌ", "దీ" అనే పిలిచారు. ఆ ఏకవచనానికి దెబ్బలు కూడా తిన్నారు. ఈ క్వేకర్ల పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తారు.

నాలుగో రకం ఆశ్చర్యం. "వాట్ ఎ లవ్లీ శారీ ఇట్ ఈజ్!" అన్నప్పుడు పిల్లలు మొదటి మాట చూసి "వాట్" కర్త అంటారు. "ఇట్" కర్త. అలాగే "దేర్ ఆర్ త్రీ మాంగోస్ ఇన్ ద బాస్కెట్" అన్న వాక్యంలో "దేర్" పీట మీద ఊరికే కూర్చున్న మాట. అసలు కర్త మామిడిపళ్లు. మూడు పళ్లు గనకనే "ఈజ్" కాకుండా "ఆర్" వచ్చింది. అందుచేత వాక్యంలో ముందు క్రియను వెతికి, దాని ముందు "ఎవరు?" అనో "ఏది?" అనో ప్రశ్న వేసుకుంటే కర్త తనంతట తనే దొరుకుతుంది.

ఈ సూత్రాలన్నీ పుస్తకాలకెక్కింది నాలుగైదు వందల ఏళ్లలోనే. అంతకు ముందు ఇంగ్లండులో వ్యాకరణం అంటే లాటిన్ వ్యాకరణమే. 16వ శతాబ్దంలో ఎనిమిదో హెన్రీ రాజు బళ్లన్నిటికీ ఒకే లాటిన్ వ్యాకరణం నిర్ణయించాడు. ఇంగ్లీషుకు వ్యాకరణం వున్నదని చూపిస్తూ విలియం బుల్లోకర్ అచ్చువేసిన మొదటి పుస్తకం 1586 నాటిది. 1653లో జాన్ వాలిస్ అనే పండితుడు రాసిన ఇంగ్లీషు వ్యాకరణం లాటిన్ భాషలో వుంది. అంటే ఇంగ్లీషు వ్యాకరణం చదవాలన్నా లాటిన్ రావాలి. లాటిన్ నేర్పే బళ్లు మగపిల్లలవి. ఆడపిల్లలకు ఆ తలుపు మూసే వుండేది.

ఆ తలుపు తట్టినవాళ్లలో ఎలిజబెత్ ఎల్‌స్టబ్ ఒకరు. ఆమె 1683లో న్యూకాసిల్ పట్టణంలో పుట్టింది. చిన్నతనంలోనే తల్లిదండ్రులు పోయారు. పెంచిన మేనమామో పినతండ్రో ఎవరైతేనేం, ఆ సంరక్షకుడు ఆడపిల్లకు ఒక్క భాష చాలు పొమ్మన్నాడట. ఆమె మాత్రం ఒకటి తరవాత ఒకటిగా ఎన్నో భాషలు నేర్చుకుంది. 1715లో పాత ఇంగ్లీషుకు వ్యాకరణం అచ్చువేసింది. అంతవరకూ ఆ పాత భాషను లాటిన్ ద్వారానే నేర్చుకోవలసివచ్చేది. తనలాంటి ఆడవాళ్లకు ఉపయోగపడాలని ఆమె దాన్ని మామూలు ఇంగ్లీషులో రాసింది. అండగా వున్న అన్నగారు ఆ ఏడే పోవటంతో అప్పులపాలై, చదువు మూలన పెట్టి, మారుమూల ఊళ్లో చిన్నబడి పెట్టుకుని బతికింది. చివరికి ఒక జమీందారీ కుటుంబంలో పిల్లలకు చదువు చెబుతూ 1756లో కన్నుమూసింది.

అదే న్యూకాసిల్‌లో 1745లో యాన్ ఫిషర్ అనే ఆవిడ "ఎ న్యూ గ్రామర్" అనే పుస్తకం తెచ్చింది. పుస్తకం మీద "ఎ. ఫిషర్" అని మాత్రమే వుండేది. రాసింది స్త్రీ అని చాలామందికి తట్టి వుండదు. ఆమె ఆడపిల్లలకు బడి నడిపింది. థామస్ స్లాక్ అనే ముద్రాపకుణ్ణి పెళ్లాడి, తొమ్మిదిమంది ఆడపిల్లలను కని, భర్తతో కలిసి అచ్చుపనీ పుస్తకాల వ్యాపారమూ చూసుకుంది. ఆ దంపతులు 1764లో పెట్టిన న్యూకాసిల్ క్రానికల్ పత్రిక పేరు పొందింది.

లాటిన్ రాకపోయినా ఇంగ్లీషు బాగా నేర్చుకోవచ్చునని ఆమె వాదించింది. లాటిన్ వ్యాకరణం నుంచి తెచ్చిన నోరు తిరగని పారిభాషిక పదాలు తీసేసి మాటలను పేర్లు, గుణాలు, క్రియలు, చిల్లర మాటలు అని నాలుగు గంపల్లో సర్దింది. తప్పు వాక్యాలు ఇచ్చి పిల్లలచేత దిద్దించే అభ్యాసాలు పెట్టింది. ఈనాటికీ మన పిల్లలు పరీక్షల్లో చేసే "తప్పులు దిద్దుము" అన్న పద్ధతిని అంత ముందుగా వాడిన పుస్తకం అది. ముప్పైకి పైగా ముద్రణలు పొందింది.

ఇంతకన్నా పెద్ద పేరు లిండ్లీ మర్రీది. ఆయన 1745లోనే అమెరికాలో పుట్టిన క్వేకరు. న్యాయవాదిగా డబ్బు గడించి, ఆరోగ్యం బాగాలేక ఇంగ్లండు వచ్చి యార్క్ నగరం దగ్గర స్థిరపడ్డాడు. ఆ వూళ్లో క్వేకరు ఆడపిల్లల బడి వుంది. అక్కడి యువ ఉపాధ్యాయినులు మాకు చక్కని ఇంగ్లీషు వ్యాకరణం రాసిపెట్టమని ఆయన్ను అడిగారు. అలా 1795లో వచ్చిన పుస్తకం ఇంగ్లండులోనూ, అమెరికాలోనూ లక్షలకొద్దీ ప్రతులు అమ్ముడుపోయింది. మన దేశం దాకా వచ్చింది. యార్క్‌లో కొద్దిమంది ఆడపిల్లల కోసం చేసిన వంట లోకమంతా తిన్నదన్నమాట.

ఇక్కడిదాకా కథ బాగానే వుంది. ఇప్పుడొక చిక్కు వస్తుంది. "ఎవరైనా సరే తన పని తాను చేసుకోవాలి" అన్నప్పుడు ఆ "ఎవరైనా" మగో ఆడో తెలియదు. తెలుగులో "తన" అనే మాట ఇద్దరికీ సరిపోతుంది. ఇంగ్లీషులో "హిజ్" అనాలా, "హర్" అనాలా? జనం "దేర్" అని బహువచనం వాడుకునేవారు. 14వ శతాబ్దం నుంచీ ఆ వాడుక వుంది. షేక్స్‌పియర్ వాడాడు, తరవాత జేన్ ఆస్టెన్ కూడా వాడింది. వ్యాకరణం రాసేవాళ్లకు మాత్రం ఒక్కరికి బహువచనం ఏమిటని నచ్చలేదు. ఇటువంటి చోట "హి" అనే రాయాలి, ఆ "హి"లో ఆడవాళ్లు కూడా చేరినట్టే అని సూత్రం పెట్టారు. విడ్డూరమేమంటే ఆ సూత్రం ముందుగా కనిపించే ఇంగ్లీషు వ్యాకరణాలలో యాన్ ఫిషర్ పుస్తకం ఒకటి. పుంలింగం ఎక్కువదని లాటిన్ వ్యాకరణాలు ఎప్పటినుంచో చెబుతున్నాయి. ఆ గాలి ఆమెకూ సోకింది. మర్రీగారు కూడా "దేర్" రాస్తే "హిజ్" అని దిద్దారు.

"మ్యాన్" అన్న మాటకూ ఇటువంటి చరిత్రే వుంది. పాత ఇంగ్లీషులో "మ్యాన్" అంటే మనిషి. మగవాణ్ణి "వేర్" అనీ, ఆడదాన్ని "వీఫ్" అనీ అనేవారు. "వీఫ్‌మ్యాన్" అంటే ఆడమనిషి. అదే అరిగి "ఉమన్" అయింది. "వీఫ్" కాస్తా "వైఫ్" అయి భార్యకు కుదించుకుపోయింది. "వేర్" పోయి, మనిషి అనే మాటను మగవాడు ఆక్రమించాడు. గొప్పింటి ఆవిణ్ణి "లేడీ" అంటాం. ఆ మాటకు మూలం రొట్టెల పిండి పిసికేది అని. "హౌస్‌వైఫ్" అన్న మాటే నలిగి నలిగి "హస్సీ" అనే తిట్టుమాటగా కూడా మారింది. మాటలు కూడా మనుషుల్లాగే ఎక్కుతూ దిగుతూ వుంటాయి.

ఇంగ్లీషును ఆడిపోసుకునే ముందు మన ఇంటి సంగతి కూడా చూసుకోవాలి. "రాముడు వచ్చాడు", "సీత వచ్చింది", "ఆవు వచ్చింది", "బస్సు వచ్చింది." క్రియ వరకు చూస్తే సీతకూ, ఆవుకూ, బస్సుకూ తేడా లేదు. 1858లో వచ్చిన బాలవ్యాకరణంలో పరవస్తు చిన్నయసూరి మహత్తులు, అమహత్తులు అని చేసిన విభాగం ఇదే. బహువచనంలో మాత్రం సీతా లక్ష్మీ కలిసి "వచ్చారు" అవుతారు, ఆవులు "వచ్చాయి" అవుతాయి. నలుగురు కలిస్తేనో, "అత్తయ్యగారు వచ్చారు" అని గౌరవం ఇస్తేనో మనం మనుషుల వరసలో చేరుతున్నామన్నమాట.

బడిపుస్తకంలో వున్నంతకాలం "హి" సూత్రం వల్ల ఎవరికీ పెద్ద నష్టం లేదు. అది చట్టంలోకి ఎక్కింది. 1850లో బ్రిటిష్ పార్లమెంటు చట్టాల భాషను కుదించటానికి ఒక చట్టం చేసింది. ఇకమీదట చట్టాల్లో "హి" అని పుంలింగంలో రాసిన చోటల్లా, వేరుగా చెప్పకపోతే, స్త్రీలు కూడా చేరినట్టే అని అందులో రాశారు. సరే, బాగుందనుకున్నారు.

1867లో ఓటుహక్కును విస్తరిస్తూ కొత్త చట్టం వచ్చింది. ఫలానా అర్హతలున్న ప్రతి "మ్యాన్"కూ ఓటు అని అందులో వుంది. జాన్ స్టూవర్ట్ మిల్ అనే తత్త్వవేత్త అప్పుడు పార్లమెంటు సభ్యుడు. "మ్యాన్" తీసేసి "పర్సన్" అని పెట్టండని సవరణ తెచ్చాడు. ఒక్క మాట మార్పు. 73 మంది ఔనన్నారు, 196 మంది కాదన్నారు.

ఆ ఏడాది నవంబరులో మాంచెస్టరులో ఉప ఎన్నిక జరిగింది. లిలీ మాక్స్‌వెల్ అనే ఆవిడ పింగాణీ సామాను అమ్ముకునే చిన్న దుకాణదారు. పన్ను తనే కట్టేది. పొరపాటున ఆమె పేరు ఓటర్ల జాబితాలోకి ఎక్కింది. రహస్య బాలెట్టు ఇంకా రాని కాలం. లిడియా బెకర్ అనే ఉద్యమకారిణి తోడు రాగా, ఆమె వెళ్లి అందరి ఎదుటా నోరు తెరిచి తన ఓటు ఎవరికో చెప్పింది. ఆ ఓటు లెక్కలో చేరింది.

మరుసటి ఏడు, 1868లో, మాంచెస్టరు ఆడవాళ్లు 5,346 మంది తమ పేర్లూ ఓటర్ల జాబితాలో చేర్చమని అడిగారు. కాదంటే కోర్టుకు వెళ్లారు. వాళ్ల వాదన మన పిల్లల గ్రామరు పుస్తకంలోదే. 1850 చట్టం ప్రకారం పుంలింగంలో స్త్రీలు చేరతారు, కాబట్టి ఓటు చట్టంలోని "మ్యాన్"లో మేమున్నాం. వాళ్ల పక్షాన వాదించినవారిలో రిచర్డ్ పాంక్‌హర్స్ట్ ఒకరు. తరవాతి కాలంలో స్త్రీల ఓటు ఉద్యమాన్ని నడిపిన ఎమెలీన్ పాంక్‌హర్స్ట్‌కు ఆయనే భర్త అయ్యాడు. జడ్జీలు ఒప్పుకోలేదు. ఓటు విషయంలో స్త్రీలకు పూర్వం నుంచీ అర్హత లేదు గనక ఇక్కడ "మ్యాన్" అంటే మగవాడే అన్నారు. పన్నులు వసూలు చేసే చట్టాల్లోనూ, శిక్షలు వేసే చట్టాల్లోనూ మాత్రం అదే "హి"లో ఆడవాళ్లు వుంటూనే వున్నారు.

ఈ మాటనే అమెరికాలో సూజన్ ఆంథొనీ సూటిగా అడిగింది. 1872లో ఓటు వేసినందుకు ఆమెను అరెస్టు చేశారు. 1873లో విచారణకు ముందు ఊరూరా తిరిగి ఉపన్యాసాలిచ్చింది. చట్టాల్లో "హి" అంటే మగవాడే అయితే మమ్మల్ని పన్నులనుంచీ, శిక్షలనుంచీ కూడా వదిలిపెట్టండి అన్నది ఆమె తర్కం. కోర్టు నూరు డాలర్లు జుల్మానా వేసింది. ఆమె ఒక్క డాలరు కూడా కట్టలేదు.

ఇంగ్లండులో ఆస్తి అర్హత వున్న ముప్పై ఏళ్లు దాటిన స్త్రీలకు 1918లోనూ, మగవాళ్లతో సమానంగా అందరికీ 1928లోనూ ఓటు వచ్చింది. మరి "పర్సన్" అన్న మాట సంగతి? అదీ తగాదాలో పడింది. కెనడాలో సెనేటుకు అర్హులైన "పర్సన్స్"ను నియమించవచ్చునని రాజ్యాంగ చట్టంలో వుంటే, ఆ మాటలో ఆడవాళ్లు లేరు పొమ్మన్నారు. ఎమిలీ మర్ఫీతో కలిసి అయిదుగురు స్త్రీలు న్యాయం అడిగారు. 1928లో కెనడా సుప్రీంకోర్టు కుదరదంది. వాళ్లు లండనులోని ప్రీవీ కౌన్సిలు దాకా వెళ్లారు. 1929 అక్టోబరు 18న లార్డ్ సాంకీ తీర్పు చెప్పాడు. "పర్సన్" అంటే ఆడవాళ్లు కూడా. ఆడమనిషి మనిషేనని తేల్చటానికి అంతమంది న్యాయమూర్తులు కావలసివచ్చారు.

ఇదే కాలంలో మన దేశంలో ఏం జరుగుతోంది? బళ్లలో నెస్‌ఫీల్డు వ్యాకరణం కంఠతా పట్టిస్తున్నారు. ఆ నెస్‌ఫీల్డు ఉత్తర హిందూస్థానంలో విద్యాశాఖలో పనిచేసిన దొర. 1930లలో రెన్ అండ్ మార్టిన్ పుస్తకం వచ్చింది. రెన్ దొర కూడా మన దేశంలో విద్యాశాఖ ఉద్యోగమే చేశాడు, నవలలు కూడా రాశాడు. ఇక చట్టం మాటకొస్తే, 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం ఇక్కడా "హి"లో స్త్రీలను చేర్చింది. అయినా 1919 సంస్కరణల్లో ఓటు దగ్గరికి వచ్చేసరికి స్త్రీలకు లేదన్నారు. కావాలంటే ఏ రాష్ట్ర శాసనసభ ఆ రాష్ట్రంలో ఆ నిషేధం ఎత్తేసుకోవచ్చునన్నారు. బ్రిటిష్ ఇండియా రాష్ట్రాల్లో మొట్టమొదట ఎత్తేసింది 1921లో మద్రాసు శాసనసభ. కోస్తా జిల్లాలూ, రాయలసీమా అప్పుడు మద్రాసు రాష్ట్రంలోనివే. ఆస్తి వున్న స్త్రీలకే గదా అన్నా, మన అమ్మమ్మల కాలంలో అది చిన్న సంగతి కాదు.

స్వతంత్రం వచ్చాక రాజ్యాంగం రాసిన సభలో మన దుర్గాబాయమ్మతో సహా పదిహేనుమంది స్త్రీలున్నారు. 1867లో మిల్ అడిగి లేదనిపించుకున్న మాట మన రాజ్యాంగంలో వుంది. 326వ అధికరణం "ఎవ్రీ పర్సన్" అంటుంది. పౌరసత్వమూ, వయసూ వున్న ప్రతి వ్యక్తికీ ఓటు. రాష్ట్రపతి గురించి రాసినచోట మాత్రం ఇంగ్లీషు ప్రతిలో పాత అలవాటు చొప్పున "హి" అనే వుంది. 2007లో ప్రతిభా పాటిల్ గారూ, 2022లో ద్రౌపదీ ముర్ము గారూ ఆ "హి" కిందనే ప్రమాణస్వీకారం చేశారు. ఇప్పటి నిఘంటువులు ఒక్కరికి "దే" వాడటాన్ని ఒప్పుకుంటున్నాయి. ఆరువందల ఏళ్లుగా జనం నోట వున్న మాటే మళ్లీ పుస్తకాలకెక్కింది.

చట్టంలో "పర్సన్" అని రాసినంత మాత్రాన అంతా అయిపోలేదు. 1951-52 మొదటి ఎన్నికలకు ఓటర్ల జాబితాలు తయారుచేసేటప్పుడు ఇంటింటికీ వచ్చిన గుమాస్తాలకు లక్షలాది స్త్రీలు తమ పేరు చెప్పలేదు. ఫలానావారి భార్యను, ఫలానావాడి తల్లిని అని రాయించారు. పరాయివాడికి పేరు చెప్పటం తప్పనుకున్న కాలం. ప్రధాన ఎన్నికల కమిషనరు సుకుమార్ సేన్ పేరు లేని ఓటరు వుండటానికి వీల్లేదన్నారు. గడువు ఇచ్చినా చెప్పని సుమారు 28 లక్షలమంది స్త్రీలను జాబితాల నుంచి తీసేశారు. వాళ్లలో ఎక్కువమంది ఉత్తరాది రాష్ట్రాలవారు. ఓటు ఇస్తామని చట్టం పిలుస్తుంటే, ఫలానావారి భార్య అన్న మాట దగ్గర ఆగిపోయారు.

వ్యాకరణంలో "ఫలానావారి" అన్నది విశేషణంలాంటిది. అది కర్త కాలేదు. క్రియ చెయ్యటానికి ఒక పేరు కావాలి. రేషను కార్డులో గాని, బాంకు ఫారంలో గాని, పిల్లల బడి దరఖాస్తులో గాని మీ పేరు రాయవలసిన చోటు వచ్చినప్పుడు ఇంకొకరికి కలం ఇవ్వకుండా మీ చేతితో, మీ పేరు, పూర్తిగా రాయండి. పిల్లలకు సబ్జెక్టు వెతకటం నేర్పేటప్పుడు ఉదాహరణకు ఎప్పుడూ రాముడే ఎందుకు? మీ పేరు పెట్టి ఒక వాక్యం చెప్పండి. ఆ వాక్యంలో మీరు చేసే పని మీ ఇష్టం.